నేరశాస్త్రం

నేరశాస్త్రం అనగా నేరం, నేరస్థుడు, బాధితుడు, నేరం పట్ల సమాజపు స్పందన అనే నాలుగు విషయాలను పరిశీలించే సామాజిక శాస్త్రం. దీనినే క్రిమినాలజీ అని కూడా అంటారు. 1885లో ఇటలీకి చెందిన న్యాయమూర్తి రఫాయెలె గరోఫాలో తన గ్రంథానికి ఈ పేరు పెట్టిన తరువాత అది క్రమంగా వాడుకలో స్థిరపడింది. ఈ పదానికి మూలమైన క్రీమెన్ అనే లాటిన్ మాటకు నేరారోపణ అనే అర్థం కూడా ఉంది. చేసిన పని వేరు, మోపిన నింద వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించినప్పుడు ఏమి జరుగుతుందో తెలుగునాట నేరస్థ జాతుల చట్టం అమలైన తీరు, స్టూవర్టుపురం చరిత్ర స్పష్టంగా చూపుతాయి.

కొత్తగా ఈ విషయం చదివేవారు నేరశాస్త్రాన్ని శిక్షాస్మృతితోనూ, నేర పరిశోధనకు తోడ్పడే ఫోరెన్సిక్ శాస్త్రంతోనూ కలిపి చూడటం కద్దు. ఒక రైల్వే స్టేషనులో ప్రయాణికుని పెట్టె పోయిందనుకుంటే, అది ఏ సెక్షను కిందకు వస్తుందో శిక్షాస్మృతి చెబుతుంది. పెట్టె మీద పడిన వేలిముద్ర ఎవరిదో ఫోరెన్సిక్ శాస్త్రం తేలుస్తుంది. దొంగతనాలు ఆ స్టేషనులోనే, ఆ వేళలోనే ఎందుకు ఎక్కువ, అందులోకి దిగినవారు ఎందుకు దిగారు, పోలీసులు ముందుగా ఎవరిని అనుమానించారు, ఎందుకు అనుమానించారు, శిక్ష పడిన తరువాత ఆ మనిషి ఏమయ్యాడు అనేవి నేరశాస్త్రం వేసే ప్రశ్నలు.

నేరం అంటే ఏమిటి

చట్టం నిషేధించి, శిక్ష విధించిన పని నేరం. భారతదేశంలో 1860లో రూపొంది 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ శిక్షాస్మృతి 160 సంవత్సరాలకు పైగా ఈ నిర్వచనానికి ఆధారంగా ఉన్నది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అదే రోజున క్రిమినల్ ప్రొసీజరు కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. పాత పుస్తకాలలోని సెక్షన్ల సంఖ్యలు ఇప్పుడు చాలావరకు మారిపోయాయని విద్యార్థులు గమనించాలి.

ఈ నిర్వచనం ప్రకారం చట్టం మారితే నేరం కూడా మారుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంట నుండి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా ఆంధ్రప్రదేశ్ లో 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరి 16 నుండి సంపూర్ణంగా మద్యాన్ని నిషేధించారు. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఒకే సీసా విదేశీ మద్యం అమ్మడం 1994లో లైసెన్సు గల వ్యాపారం, 1996లో నేరం, 1998లో మళ్ళీ వ్యాపారం. అమ్మే వస్తువులో ఏ మార్పూ లేదు.

పోడు వ్యవసాయం ఇంతకంటే లోతైన ఉదాహరణ. మహబూబాబాద్ జిల్లా బయ్యారం మండలంలో అడవి అంచున కోయ గూడేలు, లంబాడీ తండాలు ఉన్నాయి. ఈ మండలం 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. చెట్లు నరికి, కాల్చి, ఆ నేలలో విత్తనాలు చల్లి, సారం తగ్గిన తరువాత మరొక చోటికి మారే పోడు సేద్యం గోదావరికి ఇరువైపులా గిరిజనులకు తరతరాల జీవనాధారం. అడవిని రిజర్వు చేసి హద్దురాళ్ళు పాతిన తరువాత ఆ హద్దు లోపల నాగలి పెట్టడం నేరమైంది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం (1967) కూడా దానిని శిక్షార్హంగానే ఉంచింది. తిరిగి 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు ఆ భూమిపై హక్కు కల్పించింది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అనగా 75 సంవత్సరాలుగా, అడవిపై ఆధారపడి ఉన్నట్లు రుజువు చేసుకోవాలి. 2023 జూన్ చివరలో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాల పోడు భూములకు పట్టాల పంపిణీ ప్రారంభించింది. ఈ విధంగా ఒకే గట్టుకు అటు ఉన్న రైతు పట్టాదారు, ఇటు ఉన్న రైతు ముద్దాయి కావచ్చు. వారిని వేరు చేసేది నాగలి పెట్టిన తేదీ, దానిని చూపగల కాగితం మాత్రమే.

గరోఫాలో ఈ చిక్కును ముందే గుర్తించి, ఏ సమాజమైనా సహించని క్రూరత్వాన్ని, వంచనను సహజ నేరాలని, చట్టం నిషేధించినందువలన మాత్రమే నేరాలైన వాటిని వేరని విభజించాడు. హత్య, దోపిడీ మొదటి కోవకు చెందుతాయి. లైసెన్సు లేకుండా కల్లు అమ్మడం, రిజర్వు అడవిలో దున్నడం రెండవ కోవకు చెందుతాయి. ఈ విభజన ఉపయోగకరమే కాని, గీత ఎక్కడ గీయాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు.

తొలి సిద్ధాంతాలు

నేరానికి కారణం పాపమనో, దయ్యమనో భావించే కాలంలో, 1764లో ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన చెజారె బెక్కారియా నేరాలు శిక్షల గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. మనిషి లాభనష్టాలను బేరీజు వేసుకుని ప్రవర్తిస్తాడు కాబట్టి శిక్ష నేరానికి తగినంతగా ఉంటే చాలునని, చిత్రహింసలు, మరణశిక్ష అనవసరమని ఆయన వాదించాడు. శిక్ష ఎంత కఠినమైనదన్న దానికంటే ఎంత ఖాయంగా, ఎంత త్వరగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందన్నది ఆయన ముఖ్యమైన పరిశీలన. తరువాతి కాలపు పరిశోధనలు దీనిని చాలావరకు బలపరిచాయి. ఏదైనా ఘోరం జరిగిన ప్రతిసారీ శిక్షలు పెంచాలన్న కోరిక వినిపించడం, విచారణ ఏళ్ళ తరబడి సాగడం మాత్రం మారలేదు.

19వ శతాబ్దం మొదటి సగంలో బెల్జియంకు చెందిన గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే, ఫ్రాన్సుకు చెందిన న్యాయవాది గెర్రీ నేర గణాంకాలను పరిశీలించారు. దొంగలు మారుతున్నా ఏటా జరిగే దొంగతనాల సంఖ్య ఇంచుమించు స్థిరంగా ఉండటాన్ని కెట్లే గమనించాడు. దీనినిబట్టి నేరానికి వ్యక్తి స్వభావం ఒక్కటే కారణం కాదని, సమాజపు ఏర్పాటులోనే దానికి మూలం ఉండవచ్చని తేలింది.

ఈ దారిని కొంతకాలం మరుగుపరచినవాడు చెజారె లోంబ్రోజో. ఇటలీకి చెందిన ఈ వైద్యుడు 1876లో ప్రచురించిన గ్రంథంలో, కొందరు పుట్టుకతోనే నేరస్థులని, పరిణామక్రమంలో వెనుకబడిన ఆదిమ మానవుని లక్షణాలు వారిలో ఉంటాయని, దవడ, నుదురు, చెవుల ఆకారాన్ని బట్టి వారిని గుర్తించవచ్చని చెప్పాడు. 1913లో ఇంగ్లండు జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ సుమారు మూడు వేలమంది ఖైదీల కొలతలను తీసుకుని ఇతరులతో పోల్చి చూడగా, నేరస్థునికి ప్రత్యేకమైన శరీరాకృతి అంటూ ఏదీ కనబడలేదు. లోంబ్రోజో తప్పుగా చెప్పినా, నేరాన్ని వదిలి నేరస్థునిపై దృష్టి పెట్టినందువలన ఆయనను ఈ శాస్త్రానికి ఆద్యుడిగా చెప్పుకోవడం ఆనవాయితీ. ఇది కొంత విచిత్రమైన గౌరవమే.

నేరస్థ జాతుల చట్టం

పుట్టుకతో నేరస్థులుంటారన్న ఊహ భారతదేశంలో లోంబ్రోజో పుస్తకం కంటే ముందే చట్టమైంది. 1871 అక్టోబరులో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని చేసింది. నేతపని, వడ్రంగం కులవృత్తులుగా తండ్రి నుండి కొడుక్కు సంక్రమించినట్లే దొంగతనం కూడా కొన్ని కులాలకు వృత్తి అన్నది దీని వెనుక ఉన్న వాదన. మొదట ఉత్తర భారతానికి పరిమితమైన ఈ చట్టం, 1911లో చేసిన కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. 1924లో దీనిని మరల సవరించి ఏకీకరించారు.

ఒక జాతిని ప్రభుత్వం నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే వీలు లేదు. ఆ జాతివారు పోలీసు రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలి. నిర్ణీత వేళలలో హాజరు పలకాలి. ఊరు విడిచి వెళ్ళాలంటే అనుమతి చీటీ ఉండాలి. ప్రభుత్వం కోరితే కుటుంబాలను సెటిల్మెంటులకు తరలించవచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలలో ఉంచవచ్చు. వీటికి ఆ మనిషి ఏదైనా నేరం చేసి ఉండవలసిన అవసరం లేదు. ఆ కులంలో పుట్టి ఉంటే చాలు.

తెలుగు జిల్లాలలో ఎరుకల, కొరవ, దొంగ దాసరి మొదలైన వర్గాలు దీనికి లోనయ్యాయి. వీరిలో ఎరుకల వారి కథ నేరశాస్త్ర విద్యార్థికి ఎంతో ఉపయోగపడుతుంది. తట్టలు, బుట్టలు, చాటలు అల్లడం, పందుల పెంపకం, సోది చెప్పడం వీరి వృత్తులుగా అందరికీ తెలుసు. వీరిలో ఒక వర్గం ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా నుండి ఉప్పును లోపలి ప్రాంతాలకు, అక్కడి నుండి ధాన్యాన్ని తిరిగి కోస్తాకు చేరవేసే సంచార వర్తకులుగా ఉండేవారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఈ వర్తకం ఎలా కూలిపోయిందో వివరించారు. ప్రభుత్వం ఉప్పుపై గుత్తాధిపత్యం బిగించింది. రైళ్ళు వచ్చి సరుకు రవాణాను లాక్కున్నాయి. 1876-78 నాటి ధాత కరువులో పశువులు పోయాయి. అటవీ చట్టాలతో అడవిలో మేత, వెదురు, ఈత ఆకు అందకుండా పోయాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్న ఈ జనాన్ని చూసి, ప్రభుత్వం తిరుగుడునే నేర లక్షణంగా లెక్కగట్టింది.

నిజాం రాజ్యంలోనూ ఇటువంటిదే జరిగింది. సైన్యాలకు ధాన్యం, ఉప్పు మోసిన లంబాడీలు రైలుమార్గాలు రావడంతో ఆ ఉపాధిని కోల్పోయి పశుపోషణకు, క్రమంగా సేద్యానికి మళ్ళారు. 1880లలో నిజాం రైలుమార్గం వరంగల్లు, డోర్నకల్ మీదుగా బెజవాడ వైపు సాగింది. డోర్నకల్ నుండి ఇల్లెందు బొగ్గు గనులకు ఒక శాఖ వేశారు. బయ్యారం ప్రాంతం ఈ రెండు మార్గాలకు చేరువలోనిదే. ఈ మార్పుల మధ్య లంబాడీలపై నేరస్థులన్న ముద్ర ఎలా పడిందో చరిత్రకారుడు భంగ్యా భుక్యా 2010లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు.

స్టూవర్టుపురం

బాపట్ల, చీరాలల మధ్య రైలుమార్గం పక్కన ఉన్న స్టూవర్టుపురం 1913-14 ప్రాంతంలో, అంటే ఇంచుమించు గోరింగ్ పుస్తకం వెలువడిన కాలంలోనే, ఎరుకల వారి సెటిల్మెంటుగా ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో హోం శాఖను చూసిన సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దీనికి పెట్టారు. నిర్వహణ బాధ్యతను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. భారతదేశంలో ఆ సంస్థకు నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ నేరస్థులను నయం చేసే తమ పద్ధతికి క్రిమినోక్యూరాలజీ అని ఒక కొత్త పేరు కల్పించి, ఆ పేరుతో ఒక పుస్తకం కూడా వ్రాశాడు. నేరం ఒక వ్యాధి, కులం రోగి, సెటిల్మెంటు ఆసుపత్రి అన్నది ఆ పేరులోని భావన. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను, ఇతర చోట్ల మరికొన్ని సంస్థలు, ప్రభుత్వం ఇటువంటి సెటిల్మెంటులను నడిపాయి. సీతానగరం, సిద్ధాపురం కూడా ఈ కోవకు చెందినవే.

స్టూవర్టుపురంలో భూములు పంచారు, బడి, వైద్యశాల పెట్టారు. చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారంలో అనేకులకు పని దొరికింది. ఇవి కాదనలేని మేళ్ళు. అయితే హాజరు పట్టీ, అనుమతి చీటీ కూడా వాటితోపాటే ఉన్నాయి. కదలడానికి వీలులేని కూలీలు తక్కువ వేతనానికి దొరకడం కర్మాగారాలకు లాభసాటి అయిందని మీనా రాధాకృష్ణ వాదన. దేశంలో ఎక్కడ ఎరుకల కుటుంబం ఉన్నా అనుమానించడానికి పోలీసులకు ఒక కులం పేరు ఉండేది. ఇప్పుడు దానికి ఒక ఊరి పేరు కూడా తోడైంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 20 లక్షలకు పైగా ప్రజలు ఈ చట్టం కింద ఉన్నారు. మద్రాసు రాష్ట్రం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం రద్దయింది. అప్పటినుండి ఈ వర్గాలను విముక్త జాతులు అంటున్నారు. వాటి స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలను తెచ్చాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1962లో వచ్చింది. ఈ చట్టాలు కులాన్ని పేర్కొనవు, పదేపదే శిక్షపడిన వ్యక్తులకు వర్తిస్తాయి. కాని పాత రిజిస్టర్లలో పేర్లున్నవారే పదేపదే అరెస్టవుతుంటే, కొత్త రిజిస్టర్లు కూడా వారి పేర్లతోనే నిండటంలో ఆశ్చర్యం లేదు. ఈ చట్టాలను రద్దు చేయాలని 2007లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ భారతదేశానికి సూచించింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పనులు అప్పగించే నిబంధనలను కొట్టివేస్తూ, విముక్త జాతులవారిని పుట్టు నేరస్థులుగా చూసే వలసకాలపు భావన జైలు నిబంధనలలో ఇంకా మిగిలి ఉన్నదని తప్పుపట్టింది.

1970లలో గోరా కుమారుడైన లవణం, ఆయన భార్య, కవి గుర్రం జాషువా కుమార్తె అయిన హేమలతా లవణం స్టూవర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. జలగం వెంగళరావు ప్రభుత్వం వారికి సహకరించింది. కేసులలో ఉన్నవారితో మాట్లాడి లొంగిపోయేలా చూడటం, పిల్లలను బడిలో చేర్పించడం, ఉపాధి చూపడం, పోలీసుల వేధింపును తగ్గించడం వారి పద్ధతి. సాల్వేషన్ ఆర్మీ పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, కాని అది పెద్దది: ఇక్కడ మారవలసినవారిలో పోలీసులు, పొరుగూళ్ళ జనం కూడా ఉన్నారు. ఊరి నుండి తరువాతి తరాలలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు వచ్చారు. సినిమాలలో మాత్రం ఊరి పేరు దొంగల పేరుగానే మిగిలింది. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, 2023లో టైగర్ నాగేశ్వరరావు చిత్రాలు వచ్చాయి.

సామాజిక సిద్ధాంతాలు

ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ డర్ఖీమ్ నేరం లేని సమాజం ఉండదని, తప్పు ఒప్పుల హద్దులను సమాజం తనకు తాను గుర్తు చేసుకోవడానికి నేరం, శిక్ష తోడ్పడతాయని చెప్పాడు. కట్టుబాట్లు సడలి, ఏది తగినదో తెలియని స్థితిని ఆయన అనోమీ అన్నాడు. 1938లో అమెరికాకు చెందిన రాబర్ట్ మెర్టన్ ఈ మాటను తీసుకుని మరొక అర్థంలో వాడాడు. సంపాదించి పైకి రావాలన్న ఆశను సమాజం అందరికీ కల్పిస్తుంది, న్యాయమైన మార్గాలను మాత్రం కొందరికే ఇస్తుంది. ఆ ఎడం నుండి నేరం పుడుతుంది. బెల్లం, పటికతో గుడుంబా కాచే తండాలపై ఎక్సైజు దాడులు ఎన్ని జరిగినా ఆగని కాపకం, కుటుంబాలకు వేరొక జీవనోపాధి దొరికిన చోట తగ్గడానికి కారణం ఇదే. తెలంగాణలో గుడుంబా మానివేసిన కుటుంబాలకు పునరావాస సాయం ఇచ్చిన పథకానికి ఆధారం, పేరు చెప్పకపోయినా, ఈ సిద్ధాంతమే.

షికాగో నగరంలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే చేసిన పరిశీలన మరొక మలుపు. కొన్ని పేటలలో జర్మన్లు ఉన్నా, తరువాత ఇటాలియన్లు వచ్చినా, వారు వెళ్ళి ఇంకొకరు వచ్చినా బాలనేరాలు ఎక్కువగానే ఉన్నాయి. పేట విడిచి వెళ్ళిన జాతివారిలో నేరాలు తగ్గాయి. నేరం రక్తంలో లేదు, ఇరుకు ఇళ్ళు, పేదరికం, నిలకడలేని జీవనం ఉన్న చోటులో ఉంది. నేరస్థ జాతుల చట్టానికి ఇంతకంటే సూటి అయిన జవాబు లేదు.

ఎడ్విన్ సదర్లాండ్, నేరాన్ని కూడా మనిషి ఇతర విద్యల వలెనే సన్నిహితుల నుండి నేర్చుకుంటాడని చెప్పాడు. ఆయన 1939లో చేసిన ప్రసంగం మరింత ప్రసిద్ధం. నేరమంటే పేదవాని దొంగతనమే అన్న ఊహను ప్రశ్నిస్తూ, హోదా గలవారు తమ వృత్తిలో భాగంగా చేసే మోసాలకు వైట్ కాలర్ నేరాలని ఆయన పేరు పెట్టాడు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ 2009 జనవరి 7న, సుమారు ఏడు వేల కోట్ల రూపాయల మేరకు లెక్కలు తారుమారు చేసినట్లు ఒప్పుకుంటూ లేఖ వ్రాశారు. 2015 ఏప్రిల్ లో ప్రత్యేక న్యాయస్థానం పదిమందికి ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది. తరువాతి నెలలో పైకోర్టు శిక్ష అమలును నిలిపివేసి బెయిలిచ్చింది. ఆ కేసు తరువాత ఆడిటర్ల కులాన్నో, ఊరినో నేరస్థ వర్గంగా ఎవరూ ప్రకటించలేదు.

ఈ వ్యత్యాసాన్ని వివరించేది ముద్ర సిద్ధాంతం. ఫ్రాంక్ టానెన్‌బామ్, ఎడ్విన్ లెమర్ట్ దీనికి పునాది వేయగా, 1963లో హోవర్డ్ బెకర్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. ఒక పని దానంతట అదే వికృతమైనది కాదు, సమాజం ఆ ముద్ర వేయడంలో సఫలమైనప్పుడు అలా అవుతుంది. ముద్ర పడినవానికి పని దొరకదు, ఇల్లు దొరకదు. చివరకు ముద్రకు తగినట్లు బతకడమే సులువవుతుంది. తెలుగులో వాడుకలో ఉన్న కేడీ అనే తిట్టు, పోలీసు రికార్డులలో పాత నేరస్థులను నోన్ డిప్రెడేటర్ అని వ్రాసే పద్ధతికి పొడి అక్షరాల రూపం. రౌడీ షీటు కూడా ఇటువంటిదే. దీనిని తెరవడం పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం జరుగుతుంది. యాంత్రికంగా తెరవరాదని, ఏళ్ళ తరబడి కొనసాగించరాదని హైకోర్టు పలుమార్లు చెప్పింది. అయితే ముద్ర సిద్ధాంతానికీ హద్దు ఉంది. మొదటి నేరం ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు దానివద్ద జవాబు లేదు, ముద్ర పడకుండానే ఏళ్ళ తరబడి నేరాలు చేసేవారూ ఉన్నారు.

1969లో ట్రావిస్ హిర్షి ప్రశ్నను తిరగవేసి, మనుషులు నేరం ఎందుకు చేస్తారని కాక ఎందుకు చేయరని అడిగాడు. కుటుంబం, బడి, ఉద్యోగం వంటి బంధాలే అడ్డుకట్ట అని ఆయన సమాధానం. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ ప్రతిపాదించిన నిత్యకృత్య సిద్ధాంతం ప్రకారం నేరం జరగాలంటే సిద్ధంగా ఉన్న నేరస్థుడు, అనువైన వస్తువు లేక మనిషి, కాపలా లేకపోవడం ఈ మూడూ ఒకచోట కలవాలి. ఓటీపీ అడిగి బ్యాంకు ఖాతా ఖాళీ చేసే సైబరు మోసాలకు ఇది చక్కగా సరిపోతుంది. ఇటువంటి మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయమని చెప్పడం కాపలాను ఆలస్యంగానైనా ప్రవేశపెట్టడమే.

నేర గణాంకాలు

జాతీయ నేర గణాంకాలు 1953 నుండి ఏటా వెలువడుతున్నాయి. 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల సంస్థ వీటిని ప్రచురిస్తున్నది. ఇవి జరిగిన నేరాల లెక్క కాదు, నమోదైన కేసుల లెక్క. ఒక ఎఫ్ఐఆర్ లో అనేక నేరాలు ఉంటే వాటిలో అత్యంత తీవ్రమైన దానిని మాత్రమే లెక్కిస్తారు. నమోదుకాని నేరాలను చీకటి సంఖ్య అంటారు. హత్యలలో ఇది తక్కువ. గృహహింస, లైంగిక నేరాలు, లంచం విషయంలో చాలా ఎక్కువ. 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీములు ఏర్పడిన తరువాత వంటి సందర్భాలలో కేసులు పెరిగితే, వేధింపులు పెరిగినట్లా, ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగినట్లా అన్నది అంకెలు చూసి చెప్పలేము. ఒక పోలీసు స్టేషనులో కేసులు హఠాత్తుగా తగ్గితే, నేరాలు తగ్గాయో, ఫిర్యాదులు తీసుకోవడం తగ్గిందో కూడా విచారించవలసి ఉంటుంది.

బాధితులు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బాధితుల అధ్యయనం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. 1948లో హాన్స్ ఫాన్ హెంటిగ్ వ్రాసిన గ్రంథం దీనికి నాంది. తొలి రచనలలో బాధితుని తప్పును వెదికే ధోరణి ఉండేది. దానిని తరువాతివారు తీవ్రంగా విమర్శించారు.

తెలుగునాట ఈ అంశంలో తప్పక చెప్పుకోవలసినవి దళితులపై జరిగిన దాడులు. ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న, గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులు హత్యకు గురయ్యారు. కారంచేడు ఘటన తరువాత, 1989లో పార్లమెంటు షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని చేసింది. చుండూరు కేసు విచారణకు బాధితుల కోరిక మేరకు ఆ గ్రామంలోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. 2007లో ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014 ఏప్రిల్ లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఎనిమిదిమంది మరణించిన కేసులో నేరం జరిగిందని అందరూ అంగీకరించారు, నేరస్థులు మాత్రం తేలలేదు. నేరస్థ జాతుల చట్టంలో నేరం లేకుండానే నేరస్థులు ఉండేవారు.

శిక్ష, సంస్కరణ

శిక్షకు ప్రతీకారం, భయపెట్టడం, నేరస్థుని సమాజానికి దూరంగా ఉంచడం, సంస్కరించడం అనే నాలుగు ప్రయోజనాలు చెబుతారు. తెలుగు రాష్ట్రాలలో చర్లపల్లి, అనంతపురం సమీపంలోని రెడ్డిపల్లి ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు నాలుగవదానికి ఉదాహరణలు. మంచి నడవడిక గల ఖైదీలు అక్కడ ఎత్తైన గోడలు లేకుండా సేద్యం చేస్తారు. తెలంగాణ జైళ్ళ శాఖ ఖైదీలతో, విడుదలైనవారితో పెట్రోలు బంకులను కూడా నడుపుతున్నది. జైలు నుండి బయటకు వచ్చిన మనిషికి మొదటి నెలలోనే పని దొరకడం ఎంత ముఖ్యమో హిర్షి, బెకర్ సిద్ధాంతాలు రెండూ తమ తమ దారులలో చెబుతాయి.

అధ్యయనం

భారతదేశంలో 1959లో మధ్యప్రదేశ్ లోని సాగర్ విశ్వవిద్యాలయం నేరశాస్త్రానికి, ఫోరెన్సిక్ శాస్త్రానికి కలిపి ఒక విభాగాన్ని ప్రారంభించింది. మద్రాసు విశ్వవిద్యాలయం, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ కూడా ఈ రంగంలో పేరుపొందినవి. హైదరాబాదులో సర్దార్ వల్లభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ, నిజాం కాలపు కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరిట ఉన్న తెలంగాణ పోలీసు అకాడమీ తమ శిక్షణలో దీనిని బోధిస్తాయి. న్యాయ కళాశాలలలో సాధారణంగా ఇది ఐచ్ఛిక పాఠ్యాంశంగా ఉంటుంది. గణాంకాలు, క్షేత్ర పరిశీలన, చరిత్ర మూడింటిలోనూ కొంత అభ్యాసం ఉన్నవారికి ఈ శాస్త్రం సులభంగా పట్టుబడుతుంది. స్టూవర్టుపురం వంటి గ్రామాల పాత సెటిల్మెంటు కాగితాలు, ఇల్లెందు, బయ్యారం ప్రాంతపు అటవీ కేసుల రికార్డులు వంటివి ఈ మూడూ కలిసి పరిశీలించదగిన ఆకరాలు.